పైకెత్తే పని లేని ఆర్‌వీ యాంటెన్నా: చాలాకాలం వాడాక

మా ఆర్‌వీ (లోపలే ఉంటూ తిరిగే క్యాంపింగ్ బండి) పైకప్పు మీది ఈ టీవీ యాంటెన్నాలో నన్ను కట్టిపడేసింది ఒక్కటే. దీన్ని ఎత్తక్కర్లేదు, దించక్కర్లేదు. లోపల సీలింగ్‌కి ఉన్న నాబ్ పట్టుకుని టీవీ టవర్ల వైపు తిప్పితే చాలు. ఈ సుఖమేమిటో బ్యాట్‌వింగ్ (గబ్బిలం రెక్కల్లా ఉండే, పైకెత్తాల్సిన పాతరకం యాంటెన్నా) వాడినవాళ్లకి తెలుస్తుంది. హ్యాండిల్ తిప్పి తిప్పి మాస్ట్ (యాంటెన్నాని మోసే కడ్డీ) లేపడం, హైవే ఎక్కాక కూడా "దించామా లేదా" అని టెన్షన్ పడటం, ఆ గొడవంతా పోయింది.

మా పాత బ్యాట్‌వింగ్ లేక్ విట్నీ అనే సరస్సు దగ్గర పోయింది. ఇంటర్నెట్ ఉండగా యాంటెన్నా ఎందుకని మావాళ్లు అడుగుతుంటారు. వసంతకాలంలో టెక్సాస్‌లో క్యాంపింగ్ చేసినవాళ్లెవరూ ఆ మాట అడగరు. ఆ రాత్రి ఫోన్‌లో సిగ్నల్ లేదు. లోకల్ ఛానల్‌లో వెదర్ ఆవిడ టోర్నడో వార్నింగ్ ఉన్న కౌంటీల పేర్లు ఒక్కొక్కటే చెబుతోంది. మేమున్న హిల్ కౌంటీ పేరు వస్తుందేమోనని ఊపిరి బిగబట్టి వింటున్నాం. ధన్‌మని చప్పుడైంది, తెర నల్లబడింది. గాలికి విరిగిన ఓక్ కొమ్మ సరిగ్గా మాస్ట్ మీద పడింది. మాస్ట్ వంగిపోయింది, బేస్‌లో గేరు పళ్లు విరిగాయి. విడిభాగాలు దొరుకుతాయి కానీ, మళ్లీ ఆ మాస్ట్ జోలికి పోవాలనిపించలేదు. మొత్తం తీయించి ఇది పెట్టించాం.

చాన్నాళ్లు బ్రహ్మాండంగా పనిచేసింది. తర్వాత చినుకు పడితే చాలు, బొమ్మ ముక్కలు ముక్కలయ్యేది. యాంటెన్నాదే లోపమనుకున్నాం. ఓ రోజు నాబ్ చుట్టూ గోధుమరంగు మరక కనబడి పైకెక్కాను. బేస్ చుట్టూ సర్వీస్ సెంటర్ వాళ్లు పూసింది బాత్రూముల్లో వాడే మామూలు సిలికాన్! మాది ఈపీడీఎం అనే రకం రబ్బరు రూఫ్, దాని మీద సిలికాన్ సరిగ్గా పట్టదు. గోటితో అంచు లాగితే పట్టీలా ఊడొచ్చింది. కింద కోయాక్స్ (టీవీ కేబుల్) కనెక్టర్ నిండా పచ్చటి చిలుము. యాంటెన్నాలో సిగ్నల్ పెంచే యాంప్లిఫయర్‌కి 12 వోల్టుల కరెంటు ఆ కేబుల్‌లోంచే వెళ్తుంది, తడి తగిలితే కనెక్టర్‌ని ఇట్టే తినేస్తుంది. డబ్బు పుచ్చుకుని అలా చేసినందుకు నాకింకా కోపం తగ్గలేదు.

బాగుచేయడంలో కష్టమంతా పాత సిలికాన్ గీకడమే. పొర మిగిలితే దాని మీద ఇంకేదీ అంటుకోదు. పోనీ పెట్రోలో థిన్నరో వేసి తుడుద్దామంటే రబ్బరు పాడవుతుంది. ప్లాస్టిక్ పలకతో ఓపిగ్గా గీకి, బేస్ కింద బ్యూటైల్ టేప్ (నీరు చొరబడని జిగురు పట్టీ) వేసి, అంచుల మీద, ప్రతి స్క్రూ తల మీద సెల్ఫ్ లెవెలింగ్ లాప్ సీలెంట్ (తనంతట తానే సమంగా పరుచుకునే, రూఫ్‌కి వాడే సీలెంట్) పోశాను. కనెక్టర్ మార్చాను. మళ్లీ చుక్క కారలేదు.

ఎత్తక్కర్లేదన్నాను కదా, అందుకు మేం వదులుకున్నది డాలస్ 8వ ఛానల్. అక్కడి స్టేషన్లు చాలావరకు యూహెచ్‌ఎఫ్‌లో (పొట్టి తరంగాలు) ఉన్నా, అది మాత్రం వీహెచ్‌ఎఫ్ (వాటికన్నా పొడవైనవి). ఆ తరంగం పొడవు మీటరున్నర పైమాటే, ఇంత చిన్న యాంటెన్నా దాన్ని అంత బాగా పట్టలేదు. డాలస్ స్టేషన్ల టవర్లుండే సెడార్ హిల్‌కి దగ్గర్లో ఉంటే పర్వాలేదు. లేక్ విట్నీలో బ్యాట్‌వింగ్‌కి వచ్చినట్టు దీనికి రాదు. పక్కన ఎత్తైన ఫిఫ్త్ వీల్ (పికప్ ట్రక్కు లాగే పెద్ద ట్రెయిలర్) వచ్చి ఆగిందంటే ఇంకొన్ని ఛానళ్లు పోతాయి.

మేం తిరిగేది ఎక్కువగా డాలస్, వేకో, ఆస్టిన్ చుట్టుపక్కలే. చెట్ల నీడలో సైట్ కావాలి మాకు. అందుకే దీన్ని మార్చే ఆలోచన లేదు. టవర్లకి దూరంగా ఆగేవాళ్లు, మాస్ట్ బాగానే ఉంటే, పైన హెడ్ మాత్రం మార్చుకోవడం మేలేమో. ఏది పెట్టించినా, రూఫ్ మీద ఏ సీలెంట్ వాడతారో ముందే అడగండి.