సింప్లీ ఈవా: ఫ్యాను ఆగితేనే వినిపించే ఆల్బమ్

గాయని ఈవా కాసిడీ ఎవరో, బతికున్నప్పుడు వాషింగ్టన్ చుట్టుపక్కల తప్ప పెద్దగా ఎవరికీ తెలియని మనిషి 2001లో బ్రిటన్ ఆల్బమ్ చార్టులో నంబర్ వన్ ఎలా అయిందో నెట్లో బోలెడంత ఉంది. అవి వదిలేస్తున్నా. నేను కొన్నేళ్లుగా వింటున్నది 2011లో వచ్చిన ‘సింప్లీ ఈవా’. అప్పటికి ఆమె పోయి 14 ఏళ్లు. ఇందులో బ్యాండు లేదు. గొంతూ ఆమెదే, గిటారూ ఆమెదే.

మా కడప ఇంట్లో మార్చి నుంచి జూన్ దాకా ఫ్యాను, కూలరు ఆగవు. ఆ హోరులోనే చిన్న స్పీకర్ పెట్టుకుని వినేవాణ్ణి. బాగానే ఉందనిపించేది, అంతే. ఒక మే నెల రాత్రి కరెంటు పోయింది. స్పీకర్‌లో చార్జింగ్ ఉండడంతో పాట ఆగలేదు. ఫ్యాను రెక్కలు నిదానించి నిలిచేసరికి, అప్పటిదాకా ఆ పాటలో లేనివన్నీ ఒక్కొక్కటే బయటికొచ్చాయి. తీగ మీద వేలు జారినప్పటి చిన్న కీచు. చరణం ఎత్తుకునే ముందు పీల్చిన గాలి. గొంతు బాగా సన్నబడి, ఇక ఆగిపోతుందేమో అనుకున్న చోట గిటారు దాన్ని పట్టుకుని నడిపించడం. చాప తీసుకుని మిద్దెక్కబోతున్న మా అవ్వ గుమ్మంలోనే నిలబడిపోయింది.

“ఎవురు అబ్బీ పాడేది? గొంతు బాగుండాది. పక్కన వాయించేటోళ్లు ఎవురూ లేరా?”

“వాయించేదీ ఆ పిల్లే అవ్వా.”

నమ్మలేదు. మళ్లీ పెట్టమంది. పాట సగంలో ఉండగా కరెంటొచ్చింది. నేను లేచి ఫ్యాను ఆపేశా. అయ్యేదాకా ఇద్దరం చెమటలు కార్చుకుంటూ కూర్చున్నాం. ఆ తర్వాత అవ్వ తిట్టిందనుకోండి, అది వేరే సంగతి.

అయితే ఈమధ్య మొదటి నుంచి చివరిదాకా ఒకేసారి వినడం తగ్గింది. 12 పాటల్లో ఎక్కువ భాగం నింపాదిగా నడిచేవే. ప్రొద్దుటూరు బస్సులో పెట్టుకుంటే శుద్ధ దండగ, ఇంజను మోతలో సగం పాట పోతుంది. పాత ఆల్బమ్‌లు ఉన్నవాళ్లకు ఇవి చాలావరకు తెలిసిన పాటలే, పాడిన తీరు వేరు. అన్నిటికీ ఈ ఒంటరితనం నప్పలేదు కూడా. ‘వేఫేరింగ్ స్ట్రేంజర్’ బ్యాండుతో విన్న చెవికి ఇది తిరగవాత వేయని పప్పే.

ఇంకొకటి కూడా ఉంది. 1996 జనవరిలో బ్లూస్ ఆలీ క్లబ్‌లో రికార్డు చేసిన కచేరీనే, జలుబుతో పాడానని, బయటికి వదలడానికి ఆమె వెనకాడిందట. అలాంటి మనిషి, తను పోయాక బయటికొచ్చిన ఈ రికార్డింగులకు ఒప్పుకునేదా? చివరి పాటలో గిటారు కూడా లేదు, ఉత్త గొంతే. నాకు అన్నిటికంటే నచ్చిందీ, వింటున్నప్పుడు కాస్త ఇబ్బందిగా ఉండేదీ అదే.

కొత్తగా వినేవాళ్లు 1998 నాటి ‘సాంగ్‌బర్డ్’తో మొదలుపెట్టండి. అది ఫ్యాను హోరుకు తట్టుకుంటుంది. దీన్ని చలికాలానికి దాచుకోండి. మంచి హెడ్‌ఫోన్స్ ఉన్నవాళ్లకు ఈ గొడవే లేదు, నాకైతే పావుగంటకే చెవులు ఉడికిపోతాయి. మా ఇంట్లో మోత చేయని కూలరు కొనాలన్న మాట ఎప్పట్నుంచో నడుస్తోంది. అది తేలేదాకా నా లెక్కలో ఐదుకి మూడున్నర. అవ్వనడిగితే ఎక్కువే వేస్తుంది.