రంగు చూడటానికి మూడు రాత్రులు

భీమిలిలో మాకో రెండు గదుల పెంకుటిల్లు ఉంది. సెలవులకి వచ్చేవాళ్ళకి రోజువారీ అద్దెకి ఇద్దామనుకున్నాం. రంగు దగ్గరే గొడవ మొదలైంది. సముద్రం పక్కన కాబట్టి నీలమే వేయాలని మా ఆయన పట్టు. షేడ్ కార్డు ముందేసుకుంటే తేలేలా లేదని, ఇలాంటి ఇళ్ళు నడిపేవాళ్ళు ఏం చేశారో ఉండి చూద్దామని పుదుచ్చేరి బయల్దేరాం.

మొదటి రాత్రి వైట్ టౌన్‌లో, అంటే అక్కడి పాత ఫ్రెంచి పేటలో. పసుపు గోడలు, తెల్ల అంచులు, కాగితపు పూల తీగలు అన్నీ ఫొటోల్లో చూసినట్టే ఉన్నాయి. మేం దిగిన ఇల్లూ అంతే, కానీ లోపల పసుపన్నది ఎక్కడా లేదు. తెల్ల గోడలు, ఎర్ర గచ్చు, ముదురు టేకు తలుపులు. గది చిన్నదే అయినా ఇరుగ్గా అనిపించలేదు. స్నానాల గదిలో నీళ్ళే సన్నగా వచ్చాయి. రాత్రికి 4,500 తీసుకుని అలా ఉంటే బాధే. సాయంత్రం కాలవ దాటి తమిళ వీధుల్లోకి వెళ్తే ఇళ్ళ ముందు అరుగులు. వాళ్ళు తిణ్ణై అంటారు, మన తిన్నే! మా ఇంటి అరుగు కొట్టించి గ్రిల్లు పెట్టించాలన్న ఆలోచన అక్కడే మానుకున్నాను.

రెండో బస ఆరోవిల్ దారిలో. ఒక గోడంతా ముదురు బూడిద రంగు, దాని మీద ఇంగ్లీషు అక్షరాల లైటు. పగలు బాగానే ఉంది. రాత్రి ట్యూబ్‌లైటు వేస్తే గది ఆస్పత్రిలా కనిపించింది. మంచం వెనక తలలు ఆనిన చోట నూనె మరకలు, పెట్టెలు ఒరుసుకున్న చోట తెల్ల గీతలు. కుర్రాడు తుడిచిన కొద్దీ మరక పెద్దదైంది. మంచి మనిషి పాపం, కాఫీ మాత్రం అద్భుతంగా ఇచ్చాడు.

అక్కడి నుంచి కారులో కారైక్కుడి. అక్కడి వర్తకులైన చెట్టియార్ల పాత ఇల్లు. నేను గోడలు చూడటం మర్చిపోయి నేలే చూస్తూ కూర్చున్నాను. దగ్గర్లోని ఆత్తంగుడి అనే ఊళ్ళో చేసే నేల పలకలు. అద్దం మీద అచ్చు పెట్టి రంగు సిమెంటు పోసి, వెనక ఇసుక సిమెంటు నింపి, నీళ్ళలో నానబెడతారు. కాల్చే పనే లేదు, ఆ నునుపంతా అద్దానిదే. గదులన్నిటికీ తెప్పించాలనిపించింది గానీ, బరువు, లారీ కిరాయి, దారిలో పగిలేవి లెక్కేసుకుని వరండాకి సరిపెట్టాం.

ఇంటికొచ్చాక మేస్త్రీ గోడ తట్టి, "అమ్మా, ఉప్పు తేలుతోంది, ముందు చెమ్మ సంగతి చూడాలి" అన్నాడు. పెచ్చులు గీకించి, కారే చోటు కట్టించి, ఆరడానికి మూడు వారాలు ఆగాం. తర్వాత నాలుగు రంగులు గోడ మీదే జానెడేసి వేయించి, పొద్దున, మధ్యాహ్నం, బల్బు వెలుతురులో చూశాం. నీలం రాత్రికి నల్లబడింది. మా ఆయన ఏమీ అనలేదు. చివరికి మీగడ తెలుపు, నడుము ఎత్తు వరకు మన పాత బడుల్లోలా ఇటుక రంగు పట్టీ, అదీ తడిగుడ్డతో తుడిస్తే మరక పోయే రకం. గూట్లో నాలుగు ఏటికొప్పాక బొమ్మలు.

మిగిలిన రంగు డబ్బా మూత మీద షేడ్ నంబరు రాసి అటకెక్కించాను. మొదటి నెలలోనే రెండుసార్లు దింపాల్సి వచ్చింది.