పిల్లి మేలా, పాండా మేలా?

దసరా సెలవులకి అక్క పిల్లలిద్దరూ విజయనగరం నుంచి మా ఎంవీపీ కాలనీ ఇంటికొచ్చారు. వచ్చిన రోజే వాయుగుండం. ఆర్కే బీచ్‌లో మురీ మిక్స్చర్ తినిపిస్తానన్న నా మాట వానలో కొట్టుకుపోయింది. ఇక టీవీయే దిక్కు. పదకొండేళ్ల పెద్దవాడు ‘పుస్ ఇన్ బూట్స్: ద లాస్ట్ విష్’ అంటాడు. ఆరేళ్ల చిన్నది ‘కుంగ్ ఫూ పాండా 4’ అంటుంది. వాన తగ్గలేదు కాబట్టి రెండూ చూశాం.

రెండూ డ్రీమ్‌వర్క్స్ వాళ్లవే, రెండూ చాలా గ్యాప్ తర్వాత వచ్చిన సీక్వెల్సే. పాండా కథ 2016లో మూడో భాగంతో మర్యాదగానే ఆగింది. పిల్లి సంగతి వేరు, అది ష్రెక్ అనే పచ్చ రాక్షసుడి సినిమాల్లోంచి వచ్చిన పిల్లి. 2001 నాటి మొదటి ‘ష్రెక్’కి యానిమేషన్ సినిమాల విభాగంలో తొలి ఆస్కార్ వచ్చింది. 2004లో రెండోది కూడా అదరగొట్టింది. ఆ తర్వాత రెండు భాగాలూ పాత చింతకాయ పచ్చడే. 2011లో పిల్లిని విడిగా హీరోని చేసి ఒక సినిమా తీశారు. అక్కణ్నుంచి 11 ఏళ్లు ఆ కుటుంబం నుంచి థియేటర్‌కి మరో సినిమా రాలేదు. 2022 చివర్లో ‘లాస్ట్ విష్’ వస్తోందంటే నేనైతే పట్టించుకోలేదు.

పిల్లికి తొమ్మిది ప్రాణాలని చిన్నదానికి ముందే చెప్పాల్సి వచ్చింది. మన దగ్గర పిల్లి ఎదురైతే కాసేపు ఆగి వెళ్లడమే తప్ప ఈ లెక్కలు లేవు కదా. సినిమా మొదలైన కాసేపటికే ఎనిమిది అయిపోతాయి.

“ఆ ఎనిమిదీ ఎక్కడ పారేసుకుంది మావయ్యా?”

గొప్పలకు పోయి పారేసుకుంది. అప్పుడు ఈల వేసుకుంటూ ఒక తోడేలు వస్తుంది. అందర్నీ చూసి నవ్వే హీరో నుదుటి మీంచి ఒక్క రక్తపు చార జారుతుంది. అది చూసుకుని కత్తి వదిలేసి పరుగో పరుగు. పోయి పోయి, పిల్లుల్ని పెంచే ఒకావిడ ఇంట్లో గడ్డం పెంచుకుని గిన్నెలో తిండి తింటూ బతుకుతాడు. హీరోకి చావు భయం పుట్టించి, చివరిదాకా దాన్ని నవ్వులాటగా తేల్చెయ్యకపోవడమే ఈ సినిమాని నిలబెట్టింది. అడవిలో వాడికి గుండె దడ పట్టుకుని ఊపిరాడనప్పుడు వెంట ఉన్న కుక్కపిల్ల ఒక్క సలహా కూడా ఇవ్వదు. వచ్చి వాడి పొట్ట మీద తల పెట్టి పడుకుంటుంది. వాడి చెయ్యి దాని బొచ్చు నిమురుతుంటే ఊపిరి నెమ్మదిస్తుంది. పెద్దవాడు అప్పటిదాకా నములుతున్న జంతికని చేతిలోనే పట్టుకుని ఉండిపోయాడు.

బొమ్మ కూడా మారింది. పాత ష్రెక్ నునుపు పోయి కుంచెతో వేసినట్టుంది. ఫైట్లలో కావాలనే సెకనుకి తక్కువ ఫ్రేములు, అంటే తక్కువ బొమ్మలు వాడారు, దాంతో ప్రతి దెబ్బా విడిగా కనిపిస్తుంది.

పాండా దగ్గరికొస్తే, హీరో పాండా పేరు ‘పో’. గురువు షిఫూ వారసుణ్ని వెతుక్కోమంటాడు, పోకి ఇష్టం లేదు. మంచి ముడే. కానీ ఐదుగురు పాత నేస్తాలనీ పక్కన పెట్టేసి చివర్లో కాసేపు చూపించారు. ఎవరి రూపమైనా ఎత్తగల ఊసరవెల్లి విలన్‌కి మనల్ని భయపెట్టడం మాత్రం రాదు. 2010లో నాలుగో ‘ష్రెక్’ తీసిన మైక్ మిచెలే దీనికీ దర్శకుడు, అందుకే నాకు పెద్దగా ఆశ్చర్యం వెయ్యలేదు. అయితే పో కోసం బయల్దేరిన ఇద్దరు నాన్నలు, ఒక బాతూ ఒక పాండా, వాళ్లు కనిపించినప్పుడల్లా చిన్నది పొట్ట పట్టుకుని నవ్వింది.

వసూళ్లలో పాండాదే పైచేయి: అది దాదాపు 55 కోట్ల డాలర్లు, పిల్లి 48 కోట్లు. నా ఓటు మాత్రం పిల్లికే. పాండా చూశాక ఐదోది కావాలని నాకనిపించలేదు. పిల్లి చూశాక పాత ష్రెక్ మళ్లీ పెట్టుకున్నాం. కాకపోతే ఏడేళ్ల లోపు పిల్లలుంటే తోడేలు వచ్చినప్పుడు పక్కన కూర్చోండి. టీవీ చూపిస్తూ పప్పన్నం తినిపించే పని ఉంటే పాండాయే నయం.

ఆ రాత్రి వీధిలో గూర్ఖా విజిల్ వినగానే చిన్నది అన్నని కుదిపింది, “తోడేలా?” అని. వాడు నిద్రలోనే దాని పొట్ట మీద తల పెట్టాడు.

“అన్నయ్యా, లెగు, బరువుగా ఉన్నావు!”