తుంటి బంతి తీయించి రెండేళ్లు దాటింది: మా కుక్క ఎలా ఉందంటే

మా కుక్క చిన్న జాతిది, బరువు పది కిలోల లోపే. ఎత్తు నుంచి దూకి దాని వెనక కాలి తుంటి కీలు తప్పింది. మొదట కోత లేకుండానే మత్తిచ్చి బంతిని (తొడ ఎముక పైన గుండ్రటి కొన) గిన్నెలోకి (అది కూర్చునే తుంటి ఎముక గుంట) నెట్టి, కాలు నేలకు ఆనకుండా ఎహ్మర్ స్లింగ్ అనే కట్టు కట్టారు. కట్టు విప్పిన కొద్దిరోజులకే మళ్లీ జారింది. ఇలా సరిచేసిన కీళ్లలో దాదాపు సగం మళ్లీ తప్పుతాయట. పైగా మా దానికి గిన్నె లోతు తక్కువని ఎక్స్‌రేలో తేలింది. ఇంకోసారి నెట్టినా నిలవదన్నారు.

బంతిని గిన్నెకు పట్టి ఉంచే లిగమెంటు తెగితే దాని బదులు గట్టి దారం వేసే టాగుల్ పద్ధతి ఉంది కానీ, లోతులేని గిన్నెకు అది నప్పదు. కృత్రిమ కీలు ఖర్చు మాకు అందేది కాదు. మిగిలింది ఎఫ్‌హెచ్‌ఓ, అంటే తొడ ఎముక బంతిని కోసి తీసేయడం. వినగానే గుండె జారింది. బంతి లేకుండా నడిచేదెలా? అక్కడ కండరాలు, మచ్చ కణజాలం కలిసి ఎముకను పట్టి ఉంచుతాయి. బరువు తక్కువున్న కుక్కల్లో, పిల్లుల్లో ఇది బాగా పనిచేస్తుంది.

ఆపరేషన్ సాఫీగానే అయింది. అసలు కష్టం ఆ తర్వాతే. కదలకుండా పడుకోబెడితే ఆ చోటు బిగుసుకుపోతుంది కాబట్టి, నొప్పి మందు వేసి, రోజూ కొన్నిసార్లు కాలు మెల్లగా ముందుకీ వెనక్కీ ఆడించాలి, లీష్ కట్టి నెమ్మదిగా నడిపించాలి. అది మూలుగుతుంటే చేతులు ఆడేవి కావు. చాలా వారాలు మునివేళ్లే ఆనించేది. టెన్షన్‌తో ఎన్నిసార్లు డాక్టరుకి ఫోన్ చేశానో! ఈ పని చేసేవాళ్లు ఇంట్లో లేకపోతే ఈ ఆపరేషన్‌కి నేను ఓటెయ్యను.

ఇప్పుడు పరిగెడుతుంది, మెట్లెక్కుతుంది. కీలు మళ్లీ తప్పే ప్రశ్నే లేదు, నొప్పి మాత్రలు ఎప్పుడో మానేశాం. కాకపోతే ఆ కాలు కాస్త పొట్టి, తొడ సన్నం. ఎక్కువసేపు పడుకుని లేస్తే నాలుగడుగులు కుంటుతుంది. తెలియనివాళ్లు గమనించరు, నాకు మాత్రం కనిపిస్తుంది.

బరువు పెరగనివ్వకుండా తిండి కొలిచి పెడుతున్నాం, దానికది నచ్చదు. పెద్ద జాతి కుక్క అయితే మాత్రం ఎఫ్‌హెచ్‌ఓకి ఒప్పుకునే ముందు ఎముకల సర్జన్‌ని టాగుల్ గురించీ, కృత్రిమ కీలు గురించీ గట్టిగా అడగండి.