విజయనగరం రాజమహళ్లు చూడాలంటే ఆదివారం వద్దు

సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవని తెలిసినవాళ్లమే. అయినా విజయనగరం ప్రయాణానికి ఏం ఆలోచించకుండా ఆదివారం పెట్టుకున్నాం. మావాడికి బడి ఉండదు, నాకు ఆఫీసు ఉండదు, అంతే లెక్క. శనివారం రాత్రికి రాజమండ్రి నుంచి రైల్లో దిగాం. నేను, మా ఆవిడ, ఎనిమిదో తరగతి చదివే కొడుకు, మా అత్తగారు.

పొద్దున్నే ఆటో అతను మమ్మల్ని ఎగాదిగా చూసి, "ఏటి బాబూ, ఆదోరం ఒచ్చారు? ఆదోరం కోటలో ఏటుంటాది, గోడలు తప్ప" అన్నాడు. వినకుండా వెళ్లాం. గోడలే చూశాం.

తప్పు మాదే. రాజమహలంటే టికెట్ కౌంటరు, సింహాసనం, అద్దాల బీరువాలో కత్తులు అని మనసులో పడిపోయింది. విజయనగరంలో అలా కాదు. ఇక్కడి మహళ్లు మ్యూజియాలు కాలేదు, పనిలో ఉన్నాయి. కోట లోపల కాలేజీలు నడుస్తున్నాయి. ఫూల్‌బాగ్‌లో పీజీ కాలేజీ, అలకనంద మహల్లో పోలీసు బెటాలియన్, కోరుకొండ ప్యాలెస్‌లో 1962 నుంచి సైనిక్ స్కూలు. అవి తెరిచి ఉన్న రోజు వెళ్లి, గేటు దగ్గర మర్యాదగా అడిగితేనే ఏమైనా కనిపిస్తుంది. అందుకని నేను సోమవారానికి సెలవు పెట్టి, మావాడి చేత కూడా బడి మాన్పించి, ఇంకో రోజు ఉండిపోయాం.

బస గురించి రెండు ముక్కలు. వైజాగ్‌లో దిగి పొద్దున వచ్చి రాత్రికి వెళ్లిపోదామని మొదట అనుకున్నాం. దూరం అరవై కిలోమీటర్లే, కానీ రానూపోనూ మూడు గంటలు రోడ్డు మీదే పోతాయి. ఊళ్లోనే ఉండటం మేలు. మేము ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర లాడ్జి తీసుకున్నాం. ఫోన్లో "ఇరవై నాలుగ్గంటలూ వేడినీళ్లు సార్" అన్నారు. వచ్చాక చూస్తే పొద్దున ఆరు నుంచి ఎనిమిది వరకే. అత్తగారు మాత్రం నాలుగున్నరకే లేచారు, బస్సుల హారన్లకి. ఒక్కటి మెచ్చుకోవాలి: చెక్ అవుట్ మనం దిగిన టైము నుంచి ఇరవై నాలుగ్గంటలు. రాత్రి రైలుకి వచ్చేవాళ్లకి ఇది పెద్ద తేడా. గది తీసుకునే ముందు ఈ ముక్క అడగండి, మధ్యాహ్నం పన్నెండుకే ఖాళీ చేయమనే చోట్లు కూడా ఉంటాయి.

సోమవారం అదే ఆటో, పూటకి 800 రూపాయలకి బేరం. కోటతో మొదలుపెట్టాం. 1713లో విజయనామ సంవత్సరం విజయదశమి నాడు, జయవారమని పిలిచే మంగళవారం శంకుస్థాపన చేశారట. రాజు పేరు విజయరామరాజు, ఊరు విజయనగరం. ఇన్ని విజయాలు ఒక్కచోట పోగేసిన ముహూర్తం ఇంకెక్కడా విని ఉండం. తూర్పున నగారాఖానా గుమ్మం దగ్గర నిలబడి తలెత్తితే ఆ ఎత్తుకి మావాడు కూడా ఫోన్ జేబులో పెట్టేశాడు. పడమటి గుమ్మం చిన్నది. రాజుల సమాధుల వైపు దారి అదే. నాకు అదే ఎక్కువ నచ్చింది, జనం ఉండరు, గోడ దళసరి దగ్గరగా కనిపిస్తుంది. లోపల ఆడపిల్లల కాలేజీ కూడా ఉంది, ఎక్కడపడితే అక్కడ ఫొటోలు తీయకండి.

ఫూల్‌బాగ్ పక్కన ఔద్‌ఖానా అని ఉంది. ఈ ఊళ్లో ఒక్కటే చూడటానికి టైముంటే దీన్నే చూడమంటాను. అది రాజుల స్నానాల గది. ఎనిమిది పలకల రాతి కట్టడం, యాభై అడుగుల ఎత్తు, పైకి మెలికలు తిరిగిన మెట్లు, ఆ పైన నీళ్ల తొట్టి. కింద బావిలో నీళ్లు పైకి తోడితే అక్కడి నుంచి స్నానాల గదికి వచ్చేవి. మా అత్తగారు కాసేపు చూసి, "అయితే వీళ్లకి వేడినీళ్లు ఎనిమిదింటికి ఆపేసేవారు కాదన్నమాట" అన్నారు.

గంటస్తంభం దగ్గర పది నిమిషాలు చాలు. 1885 నాటిది, 68 అడుగులు, చుట్టూ బజారు. ఆగి చూసే స్థలం లేదు, ఆటోలోంచి చూసినా నష్టం లేదు.

సంగీత కళాశాల మాత్రం లిస్టులో లేదు, ఆటో అతనే తీసుకెళ్లాడు. 1919లో పెట్టారు, మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు. ద్వారం వెంకటస్వామినాయుడు ఇక్కడే వయొలిన్ నేర్పారు, ఘంటసాల, సుశీల ఇక్కడే చదువుకున్నారు. మేము వెళ్లేసరికి ఏదో గదిలో సరళీ వరసలు సాగుతున్నాయి. పది గొంతుల్లో ఒకటి మాత్రం ప్రతిసారీ పై షడ్జమం దగ్గర జారిపోతోంది, అయ్యవారు మళ్లీ మొదటికి తెస్తున్నారు. కిటికీ బయట అరుగు మీద పావుగంట కూర్చున్నాం. ఆదివారమైతే ఇదీ ఉండేది కాదు.

గురజాడ ఇల్లు మా అత్తగారి కోరిక. ఆవిడ తెలుగు టీచరుగా రిటైరయ్యారు. 1892లో కన్యాశుల్కం మొదటిసారి ఆడింది ఈ ఊళ్లోనే అని మావాడికి దారంతా చెబుతూ వచ్చారు. ఇంటికన్నా ముందు బొంకులదిబ్బ చూపించమన్నారు. నాటకంలో గిరీశం మొదట కనిపించేది అక్కడే కదా. ఆటో ఆపి "ఇదేనమ్మా" అన్నాడు. ఆవిడ దిగి కొంగు సర్దుకుని, ఏం మాట్లాడకుండా కాసేపు నిలబడ్డారు. చూడటానికి అక్కడ ఏముందని మా ఆవిడ నా చెవిలో అడిగింది. నిజమే, నాటకం చదవనివాళ్లకి ఏమీ లేదు.

కోరుకొండ పది కిలోమీటర్లు. అది నడుస్తున్న సైనిక్ స్కూలు, ముందుగా అనుమతి లేకపోతే వెళ్లి లాభం లేదని వదిలేశాం. నిజంగా మ్యూజియమే చూడాలనుంటే శ్రీకాకుళం వైపు వంశధార ఒడ్డున శాలిహుండం ఉంది. గిడుగు రామమూర్తి 1919లో వెలుగులోకి తెచ్చిన బౌద్ధ క్షేత్రం, అక్కడ దొరికిన శిల్పాలు అక్కడే పెట్టారు. కానీ దానికి విడిగా ఒక రోజు ఇవ్వండి. బొబ్బిలికీ అంతే. కోట, యుద్ధ స్తంభం, గొల్లపల్లిలో పనసకర్రతో వీణలు చేసేవాళ్లు, ఇవన్నీ మధ్యాహ్నం మూడింటికి బయల్దేరి చూసేవి కావు.

స్టేషనుకి వెళ్తుంటే మావాడు ముందు సీటులోంచి, "అంకుల్, 1757లో యుద్ధంలో విజయనగరం గెలిచిందా, బొబ్బిలి గెలిచిందా?" అని అడిగాడు. కోట పడింది బొబ్బిలిది, గుడారంలో చచ్చిపోయింది విజయనగరం రాజు. ఆటో అతను గేరు మార్చి నవ్వాడు.

"అదొక్కటీ అడక్కు బాబూ. మా అత్తోరిది బొబ్బిలే."