మూడు మామిడి సీజన్ల తర్వాత డాస్‌బాక్స్-ఎక్స్

ఎంటర్ మీట నొక్కగానే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు గర్రుమనాలి. మా ర్యాంపులో, అంటే రైతుల మామిడి తూచి కొనే చోట, రైతు ఆ చప్పుడు వినిపించాకే బెంచీ మీద నుంచి లేస్తాడు. ఆ చప్పుడును మళ్లీ వినిపించింది కాబట్టే డాస్‌బాక్స్-ఎక్స్ అంటే నాకు ఇంత ప్రేమ. విండోస్‌కు ముందటి డాస్ కాలపు ప్రోగ్రాములను కొత్త కంప్యూటర్లో నడిపించే సాఫ్ట్‌వేర్ ఇది. దీంతో పాత ఆటలు ఆడుకోవచ్చట, పాటలు వినవచ్చట. వాటి జోలికి నేను పోలేదు.

చిత్తూరులో మామిడి ర్యాంపులో లెక్కలు రాసేవాడిని నేను. 1996లో ఊళ్లో ఒక కుర్రాడు ఫాక్స్‌ప్రో 2.6 అనే డాస్ డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో రాసిచ్చిన ప్రోగ్రామే ఇప్పటికీ మాకు దిక్కు. రైతు నంబరు, తూకం, తరుగు, ధర అన్నీ కుడిచేతి అంకెల మీటలతోనే పడిపోతాయి, మౌసును ముట్టుకునే పనే లేదు. తోతాపురి ట్రాక్టర్లు రోడ్డు దాకా బారులు తీరినప్పుడు దాని విలువ తెలుస్తుంది.

2023 ఏప్రిల్‌లో పాత ఎక్స్‌పీ కంప్యూటర్ కన్ను మూసింది. కొత్తది విండోస్ 11. అమ్మిన దుకాణదారు ‘మీ పాతవన్నీ పనిచేస్తాయి సార్’ అన్నాడు. 64 బిట్ విండోస్‌లో మాలాంటి పాత 16 బిట్ డాస్ ప్రోగ్రాములు అసలు కదలనే కదలవని ర్యాంపుకు తెచ్చి పెట్టాక తెలిసింది. వేరే సాఫ్ట్‌వేర్ కొందామంటే మా యజమాని ‘నువ్వు నేర్చుకునేదాకా కాయలు ఆగుతాయా?’ అన్నారు. అలా డాస్‌బాక్స్-ఎక్స్ దగ్గరికి వచ్చాం. ప్రోగ్రాము ప్రింటరుకని పంపే అక్షరాలను అది ఒక ఫైలులో పడేస్తుంది. ఫైలు మూతపడగానే చిన్న బ్యాచ్ ఫైలు దాన్ని ఉన్నది ఉన్నట్టుగా ప్రింటరుకు తోసేస్తుంది. కార్బన్ కాగితాల మీద మూడు ప్రతులు, ఎప్పటిలాగే.

జూన్‌లో ఒక సాయంత్రం ఒక పెద్దాయన చీటీ పట్టుకుని వెనక్కి వచ్చాడు. ‘నాయనా, ఇందులో నా డబ్బు ఎక్కడుంది?’ చూస్తే పేరుంది, 2,140 కిలోల తూకముంది, తరుగూ ధరా ఉన్నాయి, ఆ కింద తెల్లకాగితం. మొత్తం వేరే కాగితం మీద పడింది. కాగితాలు చించే పిల్లవాడు దాన్ని తర్వాతి రైతు చీటీతో కలిపి ఇచ్చేశాడు. ఇప్పుడు ఆ తర్వాతి రైతు చేతిలో రెండు మొత్తాలు. పెద్దదే తనదన్నాడు. సర్దిచెప్పేసరికి చీకటి పడింది.

కేబుల్ మార్చాను, రిబ్బను మార్చాను, ఏమీ లాభం లేకపోయింది. గమనిస్తే, అడ్వాన్సు ఎక్కువసార్లు తీసుకున్న రైతుల చీటీలే విరుగుతున్నాయి. ధర అచ్చయ్యాక మా ప్రోగ్రాము ఆగి, ఆ రైతు అడ్వాన్సులన్నీ కూడుతుంది. పాత కంప్యూటర్లో అది రెప్పపాటు పని, ఇక్కడ సెకను దాటుతోంది. చీటీ ఎక్కడ ముగిసిందో డాస్‌బాక్స్-ఎక్స్‌కు తెలిసే మార్గం లేదు. అక్షరాలు రావడం ఆగి గడువు దాటితే, అయిపోయిందనుకుని ఫైలు మూసేస్తుంది. మేము పెట్టిన గడువు అర సెకను. దానికి తోడు, ఫైలు మూతపడినప్పుడల్లా కొత్త కాగితం తీసుకోమని చెప్పిందీ నేనే. గడువును మూడు సెకన్లు చేశాను. మళ్లీ ఒక్క చీటీ విరగలేదు.

పైన ‘నొక్కగానే’ అన్నాను కానీ, నిజానికి మూడు సెకన్లు ఆగాలి. రోజుకు రెండు వందల చీటీలు కొట్టేవాడికి అవి తెలుస్తాయి. రికార్డులను త్వరగా వెతికిపెట్టే ఇండెక్సులు తిరిగి కట్టించే రోజున టీ తాగి వచ్చినా పని నడుస్తూనే ఉంటుంది. అయితే డేటా ఫైలులన్నీ మామూలు ఫోల్డరులోనే ఉంటాయి, రాత్రికి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని ఇంటికి పోతాను. ఈ సుఖం ముందు ఎక్స్‌పీలోనూ ఉండేది, నిజమే.

2025లో ధర పడిపోయి, తోతాపురికి కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు అన్నప్పుడు రైతులు రెండూ చీటీలో చూపమన్నారు. మా ప్రోగ్రాములో ధరకు ఉన్నది ఒక్కటే గడి. రాసిన కుర్రాడు ఎక్కడున్నాడో తెలియదు, మూల కోడ్ మా దగ్గర లేదు. ఆ సీజనంతా నాలుగు రూపాయల ముక్క పెన్నుతో రాశాను. ఇది డాస్‌బాక్స్-ఎక్స్ తప్పు కాదు, కానీ పాతదాన్ని బతికించిన పుణ్యంలో ఇదీ ఒక భాగం.

మాది ఒకే కంప్యూటర్, ఒకే ప్రింటరు, మీటల ముందు కూర్చునేది నేనొక్కడినే. రెండు మూడు కంప్యూటర్లు ఒకే డేటా మీద పనిచేసే చోటైతే ఈ పద్ధతి పెట్టుకోమని నేను చెప్పను. మా యజమాని మాత్రం వచ్చే సీజనుకు అరడజను రిబ్బన్లు ఇప్పుడే తెప్పించి బీరువాలో పెట్టారు.