సీటు లోతు మార్చుకునే కుర్చీ: ఇన్నాళ్లు వాడాక

ఈ కుర్చీ కొన్న కొత్తలో లంబార్ సపోర్ట్ (నడుం దగ్గర వీపుకి ఆసరా ఇచ్చే భాగం) అద్భుతమని కనబడినవాళ్లందరికీ చెప్పాను. ఇప్పుడడిగితే సీటు కింద ఎడమవైపున్న లివర్ గురించి చెబుతాను. దాన్ని ఎత్తి పట్టుకుంటే సీటు ముందుకీ వెనక్కీ జరుగుతుంది.

నా ఎత్తు 5 అడుగుల 1 అంగుళం. ఆఫీసు కుర్చీలో పూర్తిగా వెనక్కి కూర్చుంటే సీటు అంచు మోకాళ్ల వెనక ఒత్తుకుని పిక్కలు తిమ్మిరెక్కేవి. ఆ ఒత్తిడి పడలేక ఎవరైనా ముందుకు జరుగుతారు. ఇక వీపుకి ఆసరా ఎక్కడ? నడుం వంగిపోతుంది, మెడ స్క్రీన్ వైపు సాగుతుంది. మధ్యాహ్నానికి నడుం పట్టేసేది. వీపు ఆనించి కూర్చున్నప్పుడు సీటు అంచుకీ మోకాలి వెనక భాగానికీ మధ్య రెండు మూడు వేళ్లు పట్టాలని ఫిజియోథెరపిస్టు చెప్పారు. ఈ సీటుని పూర్తిగా వెనక్కి జరిపితే నాకు ఆ సందు దొరికింది. ముందు తిమ్మిరి పోయింది, తర్వాత నడుం నొప్పి మెల్లగా తగ్గింది. ఎంత హాయి అనిపించిందో! లంబార్ సపోర్ట్ మంచిదే, కానీ సీటు లోతు కుదరకపోతే నడుం దాన్ని తాకనే తాకదు.

ఏడాది దాటాక వెనక్కి వాలినప్పుడల్లా సీటు టక్కుమని ముందుకు జారడం మొదలైంది. పాత తిమ్మిరి మళ్లీ వచ్చింది. సీటు తిరగేసి చూస్తే, గాడిలో పట్టి ఉంచాల్సిన ప్లాస్టిక్ పన్ను అరిగి నున్నగా అయిపోయింది. గోరంత ముక్క! కంపెనీకి ఫోన్ చేస్తే అది విడిగా దొరకదు, కింది మెకానిజం మొత్తం మార్చాలి, వారంటీ వర్తించదు అన్నారు. ఆ కోపం నాకింకా పోలేదు. చివరికి కుర్చీలు బాగుచేసే అతను నాకు సరిపోయే చోట రెండు స్క్రూలు బిగించేశాడు. ఇప్పుడు సీటు కదలదు. నాకు ఇబ్బంది లేదు, పొడగరి అయిన మావారికి మాత్రం తొడల కింద సీటు చాలదు.

నొప్పి తగ్గిన ఘనతంతా కుర్చీకే ఇవ్వలేను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన వారానికి 150 నిమిషాల వ్యాయామానికి సరిపడా నడుస్తున్నాను, కాల్స్ నిలబడి మాట్లాడుతున్నాను. నాకు డిస్క్ సమస్య కూడా లేదు. నొప్పి నడుం నుంచి కాల్లోకి పాకుతుంటే కుర్చీ సంగతి తర్వాత, ముందు డాక్టరుకి చూపించుకోండి.

నా అంత ఎత్తువాళ్లయితే కొనొచ్చు. షాపులోనే సీటు తిరగేయించి, ఆ పన్ను ఇనుముదో ప్లాస్టిక్‌దో చూసుకోండి, విడిగా అమ్ముతారా అని అడగండి.